వీధిలో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసి ఆడాలంటే

మాది ఇచ్ఛాపురం. ఊరు దాటితే ఒడిశా. 1936లో ఒడిశాని వేరు చేసినప్పుడు గీత పడింది గానీ చుట్టరికాలు, బేరాలు రెండు వైపులా అలాగే ఉండిపోయాయి. నేను బట్టలు కుడతాను. మిషను వీధి అరుగు మీదే కాబట్టి పిల్లల ఆటలన్నీ నా కళ్ళ ముందే. బదిలీ మీద కొత్తగా వచ్చిన తల్లులు కొలతలిస్తూ, "మా పిల్ల ఎవరితోనూ కలవట్లేదక్కా, వాళ్ళ భాష రాదు కదా" అని టెన్షన్ పడతారు. వాళ్ళకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

"వెళ్ళు, ఆ పాపతో ఫ్రెండ్‌షిప్ చెయ్యి" అని పిల్లని ముందుకు తొయ్యకండి. అలా తోస్తే పెద్దవాళ్ళకే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఇద్దరికీ పనికొచ్చే ఆట ఒకటి మధ్యలో పడెయ్యండి చాలు. నా దగ్గర గుడ్డ మీద గీసే సుద్దలు అరిగిపోయినవి ఉంటాయి. ఒక ముక్క ఇస్తే అరుగు కింద సిమెంటు మీద గళ్ళు పడిపోతాయి. మనవాళ్ళకి తొక్కుడు బిళ్ళ, వాళ్ళకి కిత్‌కిత్. బిళ్ళ గీత మీద పడితే అవుటా కాదా, గెంతేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోవచ్చా లేదా అని కచ్చితంగా గొడవ వస్తుంది. రానివ్వండి. మొన్న వేసవిలో ఇలాగే గొంతులు పోయేలా అరుచుకుని, చివరికి పై గళ్ళకి ఒకరి రూలు, కింద గళ్ళకి ఇంకొకరి రూలు అని వాళ్ళే తేల్చుకున్నారు. మనం తీర్పు చెప్పడానికి వెళ్ళి ఉంటే ఆటే ఆగిపోయేది.

భాష దగ్గర చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇక్కడి ఒడియా పిల్లలకి తెలుగు బాగానే వస్తుంది. అందుకని ప్రతిసారీ వాళ్ళే మన భాషలోకి రావాలనుకుంటాం. రోజూ ఒకరే సర్దుకుంటే ఆ పిల్లకి విసుగొచ్చి, మెల్లగా తనవాళ్ళ గుంపులోకి జారుకుంటుంది. మీ పిల్లకి అక్షరాలు, అంకెలు కాదు, ఆటలో పనికొచ్చే ముక్కలు నేర్పించండి. 'చాల ఖేళిబా' అంటే పద ఆడుకుందాం, 'మో పాళి' అంటే నా వంతు. పలకడం తప్పితే ఆ పిల్లలే దిద్దుతారు. దిద్దేటప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి, హెడ్‌మాస్టర్లే!

ఆటలో ఎంత అరుచుకున్నా జోక్యం వద్దన్నాను గానీ, యాసని వెక్కిరిస్తే మాత్రం అప్పటికప్పుడే ఆపండి. అంతకంటే ముందు మన నోరు చూసుకోవాలి. "ఆ ఒడియావాళ్ళ పిల్ల" అని మనం ఇంట్లో అంటే మన పిల్ల వీధిలో అదే అంటుంది. పేరు పెట్టి పిలవండి. పేరు సరిగ్గా ఎలా పలకాలో వాళ్ళమ్మనే అడగండి.

తిండి పెట్టేముందు కూడా ఆ తల్లిని ఒక మాట అడగాలి. చేప లేనిదే ముద్ద దిగని ఇళ్ళలో కూడా కార్తీకం వస్తే చాలామంది నీచు మానేస్తారు. ఏకాదశి నుంచి పున్నమి దాకా ఐదు రోజులు పంచుక అంటారు, అప్పుడు మరీ పట్టింపు. మార్గశిర లక్ష్మివారాలు మనకీ ఉన్నాయి కాబట్టి అవి గుర్తుంటాయి, ఇవి గుర్తుండవు.

పండగలకి పిలవాలనుకుంటే ఆశ్వయుజం బాగా కలిసొస్తుంది. పున్నమికి వాళ్ళ ఆడపిల్లలు కుమార పూర్ణిమ చేసుకుంటారు. కొత్త బట్టలు కట్టుకుని, చంద్రుడికి పూజ చేసి, వెన్నెల్లో గొంతుకూర్చుని గెంతే 'పుచి' ఆడతారు. ఆ తర్వాత తదియకి మన అట్లతద్ది, దానికీ చంద్రుడే కావాలి. అక్కడ ఆడించి, ఇక్కడ ఉయ్యాలెక్కించండి. (ఆ వారం నాకు నిద్ర ఉండదు, అందరికీ లంగాలు కావాలి.)

కొట్టుకుని మాటలు మానేస్తే కంగారు పడకండి. పిల్లలు మానేశారని తల్లులు కూడా మానేస్తేనే చిక్కు. "సారీ చెప్పు" అని లాక్కెళ్ళకుండా, ఏదో పని మీద పిల్లని ఆ ఇంటికి పంపండి. ఏ పనీ దొరక్కపోతే నా దగ్గరికి పంపండి, ఆ ఇంట్లో ఇవ్వాల్సిన జాకెట్టు ఒకటైనా ఉంటుంది.