కంప్యూటర్ కేబినెట్ ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరగాలంటే

మంచి ఫ్యాన్ కొని పెట్టినా కేబినెట్ గుంయ్‌మంటూనే ఉందంటే, లోపం చాలాసార్లు ఫ్యాన్‌లో ఉండదు. బిగించిన తీరులోనో, తిరిగే వేగంలోనో ఉంటుంది.

కొనేముందు పాత ఫ్యాన్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 105 మి.మీ. ఉంటే 120 సైజు, 124.5 ఉంటే 140 సైజు. మందం మామూలుగా 25 మి.మీ. చోటుంటే 140 తీసుకోవడమే మేలు. రెక్కలు పెద్దవి కాబట్టి తక్కువ చుట్లతోనే అంత గాలీ తోస్తుంది. చప్పుడంతా చుట్లలోనే ఉంది మరి: ఒకే ఫ్యాన్ నిమిషానికి 1200 చుట్ల నుంచి 600కి దిగితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. కేబినెట్ పైభాగంలో పడుకోబెట్టి బిగించే ఫ్యాన్‌కి స్లీవ్ బేరింగ్ (ఇరుసు సాదా గొట్టంలో తిరిగేది) రకం వద్దు, త్వరగా అరుగుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ (ఇరుసు నూనె పొర మీద తిరిగేది) ఉన్నది చూడండి. కనెక్టర్‌లో నాలుగు పిన్నులున్న ఫ్యాన్ అయితే వేగం అదుపు చేయడం తేలిక.

కంప్యూటర్ ఆపి, పవర్ కేబుల్ తీసేసి, ఆన్ బటన్‌ని ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇప్పుడు దిశ చూసుకోవాలి. ఫ్యాన్ మధ్యలో స్టిక్కరు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపు నుంచే గాలి బయటికొస్తుంది. ముందు ఫ్యాన్‌కి ఆ వైపు లోపలికి, వెనక ఫ్యాన్‌కి బయటికి ఉండాలి.

ఫ్యాన్ రంధ్రాల లోపల ముందే గాడి ఉండదు, స్క్రూనే గాడి కోసుకుంటూ దిగుతుంది. అందుకే మొదటిసారి గట్టిగా అనిపిస్తుంది. నాలుగూ సగం దాకా తిప్పి, తర్వాత ఎదురెదురు మూలలుగా బిగించండి. స్క్రూ తల రేకుకి ఆనగానే ఆపేయాలి. ఇంకా తిప్పితే ఫ్రేము వంగి, రెక్క అంచు దానికి రాసుకుంటుంది. రబ్బరు పిన్నులు ఇచ్చివుంటే అవే వాడండి, అదురు రేకుదాకా పోదు. రబ్బరు పిన్ను తోకని అటువైపు నుంచి మెల్లగా లాగండి, మొదలంటా కత్తిరించొద్దు. మళ్లీ తీసి పెట్టాలంటే పట్టుకోవడానికి అదే ఆధారం.

కనెక్టర్‌ని మదర్‌బోర్డు మీద సిస్టమ్ ఫ్యాన్ లేదా చాసిస్ ఫ్యాన్ పిన్నులకు పెట్టండి. ఒకే చోట రెండు మూడు కలపాలంటే స్టిక్కర్ల మీది ఆంపియర్లు కూడుకోండి. చాలా బోర్డుల్లో ఒక్కో చోట హద్దు 1 ఆంపియర్. మిగిలిన వైరు రెక్కలకు తగలకుండా కట్టేయండి. టకటకమనే చప్పుడుకి ముందుగా అనుమానించాల్సింది ఆ వైరునే.

బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) మూడు పిన్నుల ఫ్యాన్‌కి డీసీ మోడ్ (వోల్టేజీతో వేగం మార్చేది), నాలుగు పిన్నుల దానికి పీడబ్ల్యూఎం మోడ్ (నాలుగో పిన్ను సంకేతంతో మార్చేది) ఉండాలి. ఇది తప్పితే మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ప్రాసెసర్ వేడి 50 డిగ్రీల దాకా ఉంటే 35 శాతం వేగం, 70 దగ్గర 65 శాతం, 80 దాటితే పూర్తి వేగం పెట్టి చూడండి. తక్కువ వేగంలో ఫ్యాన్ కదలకుండా టిక్‌టిక్‌మంటే, అది నిలకడగా తిరిగే దాకా శాతం పెంచండి. ప్రాసెసర్ వేడి క్షణంలో ఎగిరి పడుతుంది కాబట్టి వేగం మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం కూడా పెట్టండి. ఒకే తీరు హోరుని చెవి మరిచిపోతుంది, పెరిగి తగ్గే హోరుని మరవదు.

ఇంకా చప్పుడుంటే పక్క రేకుని అరచేత్తో నొక్కండి. ఆగిపోతే అదురు రేకుదే, స్క్రూలు చూడండి. ఆగకపోతే ఒక్కో ఫ్యాన్ కనెక్టర్‌ని తీసి నడిపి దొంగని పట్టుకోవచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్‌ని మాత్రం తీయొద్దు.

మూడు నెలలకోసారి ఫిల్టరు కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. రెక్కల దుమ్ము మెత్తని బ్రష్‌తో తుడవండి. గాలి డబ్బాతో ఊదేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోవాలి, లేకపోతే హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పాత స్లీవ్ బేరింగ్ కరకరమంటే, స్టిక్కరు కింద రబ్బరు మూత ఉన్న రకమైతే ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయొచ్చు. వంటనూనె వేస్తే జిగురు కట్టి పట్టేస్తుంది. నూనె వేసిన కొన్ని వారాలకే కరకర మళ్లీ మొదలైతే బేరింగ్ అరిగినట్టే, ఫ్యాన్ మార్చేయండి.