ఇంట్లో బాగుచేసుకున్న పాత డీజిల్ కారుకు 15 ఏళ్ల తర్వాత ఆర్‌సీ పునరుద్ధరణ: దరఖాస్తు విధానం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ) 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ గడువు దాటాక కారును రోడ్డెక్కించాలంటే రవాణా శాఖ తనిఖీకి పెట్టి, మరో 5 ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. పాత స్విఫ్ట్ డీజిల్‌నో ఇండికానో తక్కువ ధరకు కొని, సెలవు రోజుల్లో ఇంటి ముందే విప్పి బిగించుకునే వారికి అసలు పరీక్ష ఇదే. చాలామంది ముందు ఇంజిన్ విప్పేసి, పనంతా అయ్యాక కాగితాలు వెతుక్కుంటారు. పానా పట్టే ముందే ఆర్‌సీ చేతిలోకి తీసుకోవడం మేలు.

ఆర్‌సీలో మొదట చూడవలసింది యజమాని పేరు. అది ఇంకా అమ్మినవారి పేరు మీదే ఉంటే ముందుగా ఫారం 29, ఫారం 30లతో బదిలీ పూర్తిచేసుకోవాలి. పాత బ్యాంకు రుణం నమోదై ఉంటే దాన్ని తొలగించుకోవాలి, కట్టని చలానాలుంటే కట్టేయాలి. ఆ తర్వాత ఇంజిన్ నంబరును కారు మీదున్న నంబరుతో పోల్చుకోవాలి. పాత ఇంజిన్‌కు ఖర్చు పెట్టడం దండగని పాత ఇనుము కొట్టులో దొరికిన మరో ఇంజిన్ దించేవారు ఉన్నారు. రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా, ఆర్‌సీలో కొత్త నంబరు నమోదు కాకుండా అలా చేస్తే తనిఖీలో కారు అక్కడే ఆగిపోతుంది. ఇంజిన్ మార్పు తప్పదనుకుంటే, కొన్న ఇంజిన్ బిల్లు భద్రపరచుకుని, ముందుగానే అనుమతికి దరఖాస్తు చేయాలి.

ఛాసిస్ నంబరు సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. తుప్పు గోకి నల్లరంగు మందంగా పూసిన ఉత్సాహంలో నంబరు చెక్కిన చోటు కూడా కప్పేశాను. తనిఖీ నాడు సన్న సాండ్‌పేపరుతో అరగంట రుద్దితే గానీ అంకెలు బయటపడలేదు. ఆ నంబరు మీద పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది తీసే ముద్రను చాలాచోట్ల దరఖాస్తుతో పాటు అడుగుతారు కాబట్టి, రంగు వేసే ముందు అక్కడ టేపు అంటించుకోవాలి.

డీజిల్ కారుకు గట్టి అడ్డంకి పొగ. పొల్యూషన్ కేంద్రంలో గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి వదులుతూ పొగ సాంద్రతను పలుమార్లు కొలుస్తారు. బీఎస్-4 (వాహన కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణాల్లో నాలుగోది) కంటే పాత ప్రమాణాల కార్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ సాంద్రత కొలమానం), బీఎస్-4 కార్లకు 50. ఇక్కడొక మెలిక ఉంది. బీఎస్-4 హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటా 2017 ఏప్రిల్‌లో గానీ రాలేదు. కనుక 2011లో కాకినాడలో రిజిస్టరైన కారు బీఎస్-3 కావచ్చు, అదే ఏడాది హైదరాబాద్‌లో రిజిస్టరైనది బీఎస్-4 అయి ఉంటుంది. నల్లపొగ వస్తుంటే ముందు చౌకైన కారణాలు చూడాలి: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, మసి పేరుకున్న ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), టర్బో గొట్టంలో చీలిక. అవి సరిగా ఉండీ పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లను పరీక్ష బల్ల ఉన్న డీజిల్ పంపు మెకానిక్‌కు ఇవ్వాలి తప్ప ఇంట్లో విప్పకూడదు. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్లలో ఇంధన పీడనం ప్రాణాపాయం కలిగించేంత ఎక్కువగా ఉంటుంది. ఇండికా వంటి టైమింగ్ బెల్టు ఇంజిన్లలో బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే పరీక్షకు ముందే మార్చాలి, ఎందుకంటే అంత వేగంలో అది తెగితే వాల్వులు దెబ్బతింటాయి. పరీక్షకు చల్లటి ఇంజిన్‌తో వెళ్లకుండా, 10, 15 కిలోమీటర్లు కాస్త వేగంగా నడిపి తీసుకువెళ్తే పైపులో పేరుకున్న మసి చాలావరకు దారిలోనే పోతుంది.

దరఖాస్తు ఫారం 25లో చేయాలి. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దీన్ని స్వీకరిస్తారు. రవాణా శాఖ పోర్టల్‌లో వివరాలు నింపి, రుసుము చెల్లించి, తనిఖీకి స్లాట్ తీసుకోవాలి. ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, పాన్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. కారు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ. 5,000, కారుకు 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు సవరణ ప్రకారం రూ. 10,000. ఆలస్యమైతే నెలకు రూ. 500 చొప్పున అదనం. పాత వాహనాలపై వేసే గ్రీన్ టాక్స్ వేరుగా ఉంటుంది. గడువు తీరిన ఆర్‌సీతో కారు నడిపి మొదటిసారి పట్టుబడితే రూ. 2,000 నుంచి రూ. 5,000 వరకు జరిమానా పడుతుంది.

ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో విధించిన నిషేధం తెలుగు రాష్ట్రాలకు వర్తించదు. కాకపోతే అక్కడి నుంచి చౌకగా వచ్చిన కారయితే ముందు ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి, తిరిగి రిజిస్టర్ చేయించుకోవాలి.

తనిఖీ చేసేది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. మన జనం నోట ఆయన ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరే, ఆ పేరుకు తగ్గట్టు బ్రేకులు, హ్యాండ్‌బ్రేకు తప్పక చూస్తారు. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, టైర్లు, సీటు బెల్టులు, తుప్పు పట్టిన చోట్లు కూడా చూస్తారు. బయలుదేరే ముందు చీకట్లో గోడకు ఎదురుగా నిలిపి లైట్లన్నీ వెలిగించి చూసుకుంటే, చిన్న బల్బు కోసం మళ్లీ స్లాట్ తీసుకునే అవసరం రాదు. లోపం తేలితే దాన్ని సరిచేసి కారును మళ్లీ చూపించాలి. కొత్త కార్డు రాగానే ఇంజిన్, ఛాసిస్ నంబర్లను, చెల్లుబాటు తేదీని పాత ఆర్‌సీ పక్కన పెట్టి పోల్చుకుని, తేడా కనిపిస్తే వెంటనే అదే కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి.