తిరుపతిలో సొంత స్థలంలో ఇల్లు కట్టదలచినవారికి జాగ్రత్తలు

తిరుపతి నగరంలోనో, చుట్టుపక్కల తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోని గ్రామాల్లోనో స్థలం కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నవారిలో చాలామంది, ఇక ముహూర్తం పెట్టించడమే మిగిలిందని అనుకుంటారు. దస్తావేజు స్థలం చేతులు మారిందని మాత్రమే చెబుతుంది. అక్కడ కట్టుకోవచ్చా, ఎంతమేరకు కట్టుకోవచ్చు అన్నది తేల్చేవి వేరే రికార్డులు, వేరే నిబంధనలు. కాబట్టి మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వడానికి ముందే వాటిని చూడాలి.

ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. భూమి అసలు ఎవరిదో తెలియాలంటే రెవెన్యూ రికార్డుల్లోకి, ముఖ్యంగా సర్వే నంబర్లవారీగా భూమి స్వభావాన్ని నమోదు చేసే ఆర్‌ఎస్‌ఆర్‌లోకి వెళ్లి, ఆ సర్వే నంబరు పట్టా భూమా, పోరంబోకా (ప్రభుత్వ భూమి), ఇనామా అన్నది చూడాలి. ఆలయాలకు, మఠాలకు చెందిన భూములు విస్తారంగా ఉన్న ఈ ప్రాంతంలో రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాను చూడకుండా అడుగు వేయడం సాహసమే అవుతుంది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూమి అయితే, అమ్మకాలను నియంత్రించే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వర్తిస్తుంది గనుక, అమ్మినవారి మాటను కాక తహసీల్దారు కార్యాలయం రికార్డును నమ్మాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద మాత్రమే కొన్న స్థలానికి హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం: తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. దస్తావేజులో ఉన్న గజాలకు, నేల మీది హద్దులకు పొంతన ఉందో లేదో సర్వేయరు చేత కొలిపించి తేల్చుకోవాలి. నా దృష్టిలో ఇంటి ప్లాను కంటే ముందు డబ్బు పెట్టవలసింది ఈ కొలతకే.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నీటి దారి మీద. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఒడ్డు కోతకు గురై ఇల్లు కూలింది, రాయలచెరువు కట్టకు లీకులు పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది, నగరంలోని పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. వాగు లేదా కాలువ వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు విడిచిపెట్టాలి. వేసవిలో చూస్తే ఆ వాగు ముళ్ల కంపలతో నిండిన గుంటలా కనిపించవచ్చు, కానీ అది కొలమానం కాదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఒకసారి స్థలం దగ్గర నిలబడి నీరు ఎటు పోతోందో చూడాలి. 2021 వరదల్లోనే ఎం.ఆర్.పల్లి ప్రాంతంలో శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన భూగర్భ నీటి ట్యాంకు ఒకటి భూమిలోంచి పైకి లేచింది. నేల నీటితో నిండినప్పుడు ఖాళీ సంపు తేలడం సహజం కనుక, వానాకాలంలో దాన్ని నింపి ఉంచాలి.

లేఅవుట్‌కు ఆమోదం లేకపోతే ప్లాను ముందుకు కదలదు. క్రమబద్ధీకరణకు వెళ్తే, లేఅవుట్‌లో ఉమ్మడి ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో కొంత శాతం చెల్లించవలసి రావచ్చు. మాస్టర్ ప్లాన్ రోడ్డు స్థలం మీదుగా పోతోందా అన్నది కూడా తుడాలోనో, నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగంలోనో అడిగి తెలుసుకోవాలి. చంద్రగిరి కోట, శ్రీనివాసమంగాపురం ఆలయం వంటి రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి కావాలి. రేణిగుంట విమానాశ్రయం సమీపంలో ఎత్తు మీద పరిమితి ఉంటుంది.

ప్లాను ఆమోదం పొందాక తీరిగ్గా వాస్తు చూపించుకొని, మెట్లనో మరుగుదొడ్డినో సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) జరిపేవారు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు. సిద్ధాంతిని సంప్రదించదలచినవారు ఆ పని దరఖాస్తుకు ముందే చేయాలి, ఎందుకంటే ఆమోదిత ప్లానుకు విరుద్ధమైన ప్రతి గోడా నోటీసుకు ఆస్కారమిస్తుంది. ఇంటి పన్ను వేశారు గనుక కట్టడం సక్రమమైపోయిందన్న నమ్మకం కూడా తప్పే; అనధికార కట్టడానికీ పన్ను వేస్తారు. నిర్మాణం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకొని, ఆమోదిత ప్లానుతో కలిపి భద్రపరచాలి.