పిల్లల పెంపకం పుస్తకం ఎంచుకోవడం: నాకు పనికొచ్చిన పద్ధతి

మా పాపకు మూడేళ్లు. అన్నం దగ్గర, పడుకునే ముందు రోజూ గొడవే. ఇంట్లో ఉన్న పుస్తకాల్లో ఏది తెరిచినా ఓపిక పట్టమనే మాటే. రివ్యూల్లో స్టార్లు, చుట్టాల సలహాలు, వీడియోలు ఏవీ తేల్చలేదు.

చివరికి పనిచేసింది ఇది. హనుమకొండ చౌరస్తా దగ్గర షాపులో నిలబడి ముందు విషయసూచిక చూశాను. అన్ని వయసుల పిల్లలనూ ఒకే గాటన కట్టిన పుస్తకాలు పక్కన పెట్టేశాను. తర్వాత నాకు ఖాయంగా తెలిసిన రెండు విషయాలు వెతికాను. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టొద్దు, బొటులిజం (నరాలను దెబ్బతీసే తీవ్రమైన జబ్బు) ప్రమాదం ఉంటుంది. పుట్టగానే తేనె నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి నాకిది చాలా ముఖ్యం. రెండోది స్క్రీన్. రెండేళ్లలోపు వద్దని, ఆపైన నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వీటిలో తప్పు చెప్పే పుస్తకాన్ని మిగతా విషయాల్లో ఎలా నమ్మాలి?

ఆఖరున నిద్ర గురించిన పేజీ తీశాను. ఈ రాత్రి ఏం చేయాలో స్పష్టంగా రాసిన పుస్తకమే కొన్నాను. స్నానం ముందా, కథ ముందా అన్నది పాపనే ఎంచుకోనివ్వమని అందులో ఉంది. పడుకునే ముందు గొడవ బాగా తగ్గింది. అన్నం దగ్గర టెన్షన్ మాత్రం అలాగే ఉంది.

పాత పుస్తకాలకు స్క్రీన్ పరీక్ష, పెద్ద పిల్లల పుస్తకాలకు తేనె ప్రశ్న వర్తించవు. మాటలు ఆలస్యమైతే మాత్రం పుస్తకం కన్నా ముందు పిల్లల డాక్టరును కలవండి.