పొలంలో లోరా నోడ్: బ్యాటరీ ఎటు పోతోందో కొలిచి కట్టండి

6జీ కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2023లో ఇచ్చిన చట్రంలో నిలకడ, అంతటా తెలివి అనే రెండు లక్ష్యాలూ ఉన్నాయి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడే చోటే మంచి పరిశోధన ప్రశ్నలు దొరుకుతాయి. వాటిని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మట్టి తేమను కొలిచి 15 నిమిషాలకోసారి పంపే ఒక లోరావాన్ నోడ్ (లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో పద్ధతిలో మాట్లాడే చిన్న పరికరం), దగ్గర్లో దాని ప్యాకెట్లను అందుకుని సర్వర్‌కు చేర్చే 8 ఛానెళ్ల గేట్‌వే ఒకటి ఉంటే చాలు. చౌకగా దొరికే సింగిల్ ఛానెల్ గేట్‌వే ఈ పనికి రాదు, దానితో కింద చెప్పే ఏడీఆర్ (నోడ్ ఎలా పంపాలో సర్వర్ సర్దే పద్ధతి) సరిగా నడవదు.

కావలసినవి: 3.3 వోల్టుల, 8 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ప్రో మినీ, 868 రకం ఆర్‌ఎఫ్‌ఎం95 రేడియో, కెపాసిటివ్ మట్టి తేమ సెన్సర్, 1500 ఎంఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్, రేడియో పక్కనే పెట్టడానికి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి 433 రకమో 915 రకమో తీసుకోకండి. నోడ్ కోడ్‌లో వాడే లోరావాన్ లైబ్రరీలో ప్రాంతాన్ని కూడా ఇండియాకే మార్చాలి. యాంటెన్నాకు 86 మిల్లీమీటర్ల గట్టి రాగి తీగ తీసుకుని 82 దాకా కొద్దికొద్దిగా కత్తిరించండి. యాంటెన్నా లేకుండా ఒక్కసారి కూడా ట్రాన్స్‌మిట్ చేయించకండి.

ఈ సెల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. నిండా చార్జయినా 3.6 వోల్టుల దగ్గరే ఉంటుంది, రేడియో 3.7 దాకా తట్టుకుంటుంది. అందుకే మధ్యలో రెగ్యులేటర్ లేకుండా నేరుగా బోర్డుకు కరెంటు అందే వీసీసీ పిన్నుకు కలపవచ్చు. మామూలు లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టులకు వెళ్తుంది, రేడియో కాలిపోవచ్చు. అదే కారణంగా టీపీ4056 చార్జర్ బోర్డు ఇక్కడ వద్దు. 3.6 దగ్గర ఆగే రకమే కొనండి.

ముందు నిద్ర సంగతి చూడాలి. ప్రో మినీ మీద ఎప్పుడూ వెలిగే పవర్ ఎల్‌ఈడీని, రెగ్యులేటర్‌ను టంకం కరిగించి తీసేయండి. అవి కలిసి 2 మిల్లీ ఆంప్‌లే లాగాయనుకున్నా రోజుకు 48 ఎంఏహెచ్. సెల్‌లో 1200 ఎంఏహెచ్ వాడుకోగలమనుకుంటే 25 రోజుల్లో ఖాళీ. ఆ తర్వాత రేడియోను ఎంత తెలివిగా నడిపినా లాభం లేదు. సెన్సర్‌కు కరెంటు ఒక డిజిటల్ పిన్ను నుంచి ఇచ్చి, కొలత అవగానే ఆపేయాలి.

నిద్రలో లాగే కరెంటును మల్టీమీటర్ మైక్రో ఆంప్ రేంజిలో నేరుగా కొలవబోతే, ట్రాన్స్‌మిట్ మొదలవగానే మీటర్‌లో వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. బ్యాటరీ తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, దానికి సమాంతరంగా ఒక స్విచ్ పెట్టండి. బోర్డు నిద్రపోయాక స్విచ్ తెరిచి, రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు చదవండి. 10 మిల్లీవోల్టులంటే 10 మైక్రో ఆంప్‌లు. తర్వాతి ట్రాన్స్‌మిషన్‌లోపు స్విచ్ మూసేయాలి. 15 కంటే ఎక్కువ వస్తే ఏదో ఒకటి ఇంకా మేలుకునే ఉందని అర్థం.

నోడ్ నెట్‌వర్క్‌లో చేరకపోతే, అంటే జాయిన్ కాకపోతే, రెండు చోట్ల చూడండి. రేడియో మీది డీఐఓ0 పిన్నుతో పాటు డీఐఓ1 తీగ కూడా కలిపారా? అది లేకపోతే రిసీవ్ విండో (జవాబు కోసం రేడియో వినే కొద్ది సమయం) ముగిసిన సంగతి లైబ్రరీకి తెలియదు. రెండోది గడియారం. ప్రో మినీలోని సిరామిక్ రెసొనేటర్ అర శాతం దాకా తప్పవచ్చు. జాయిన్ జవాబు 5 సెకన్ల తర్వాత వస్తుంది కాబట్టి 25 మిల్లీసెకన్ల తేడా పడి విండో తప్పిపోతుంది. క్లాక్ ఎర్రర్‌ను 1 శాతంగా సెట్ చేస్తే సరిపోతుంది.

ఇక రేడియో ఖర్చు. 12 బైట్ల సమాచారానికి 13 బైట్ల లోరావాన్ శీర్షిక కలిస్తే 25 బైట్లు. సిగ్నల్‌ను ఎంత సాగదీసి పంపాలో చెప్పే అంకె స్ప్రెడింగ్ ఫ్యాక్టర్; అది పెరిగితే సిగ్నల్ ఎక్కువ దూరం అందుతుంది, సమయమూ ఎక్కువ పడుతుంది. ఫ్యాక్టర్ 7లో ఈ ప్యాకెట్ గాలిలో 62 మిల్లీసెకన్లు ఉంటుంది, 10లో 412, 12లో 1483. 17 డీబీఎం ప్రసార శక్తి దగ్గర రేడియో 87 మిల్లీ ఆంప్‌లు లాగుతుంది. రోజుకు 96 సార్లు పంపితే ఫ్యాక్టర్ 7లో 0.14 ఎంఏహెచ్, 12లో 3.4 ఎంఏహెచ్. నిద్రకు 15 మైక్రో ఆంప్‌ల చొప్పున 0.36. అంటే ఫ్యాక్టర్ 7లో నడిచే మంచి నోడ్‌కు రేడియో కంటే నిద్రే ఖరీదు. సెల్ నెలకు 2 శాతం తనంతట తానే కోల్పోతుందనుకుంటే అది రోజుకు 1 ఎంఏహెచ్, నోడ్ మొత్తం ఖర్చు కంటే ఎక్కువ! ఈ దశకు వచ్చాక కోడ్‌తో కుస్తీ ఆపి అర వాటు సోలార్ ప్యానెల్ పెట్టడమే మేలు. చీకట్లో చార్జర్ బోర్డు సెల్ నుంచి వెనక్కి ఎంత లాగుతోందో కూడా పై పద్ధతిలోనే కొలవండి.

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను ఎంచుకునే తెలివి సర్వర్‌లో ఉంటుంది, దాని పేరే ఏడీఆర్. ఎక్కువమంది వాడే పద్ధతి చివరి 20 ప్యాకెట్లలో అన్నిటికంటే మంచి సిగ్నల్ నాణ్యతను తీసుకుని, కొంత మార్జిన్ వదిలి నిర్ణయిస్తుంది. సగటు కాదు, మంచిదే. మొక్కజొన్న మోకాలెత్తున ఉన్నప్పుడు తీసుకున్న ఆ నిర్ణయం పైరు యాంటెన్నాను దాటి పెరిగాక చెల్లదు. అప్పుడు ప్యాకెట్లు పోవడం మొదలవుతుంది. డిఫాల్ట్ విలువల్లో నోడ్ 64 ప్యాకెట్లదాకా సర్వర్ నుంచి మాట రాకపోతేనే జవాబు అడుగుతుంది. మరో 32 చూసి గాని సర్దుకోవడం మొదలుపెట్టదు. 15 నిమిషాలకోసారి పంపితే అది సరిగ్గా ఒక రోజు.

విలువ మారితేనే పంపడం కరెంటు ఆదాకు అందరికీ తట్టే ఉపాయం. మట్టి తేమ నెమ్మదిగా మారుతుంది కాబట్టి 96 బదులు రోజుకు 10 ప్యాకెట్లు సరిపోవచ్చు. కానీ పైన చెప్పిన 64, 32 కలిసిన 96 ప్యాకెట్ల ఎదురుచూపు ఇప్పుడు దాదాపు పది రోజులవుతుంది. నోడ్ తెలివి, సర్వర్ తెలివి ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా పనిచేస్తే ఇలాగే జరుగుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకు గాని, ఎంటెక్ థీసిస్‌కు గాని ఇంతకంటే చేతికందే ప్రశ్న అరుదు. ప్రస్తుతానికి మందు ఏమిటంటే రోజుకోసారి లింక్ చెక్ అడగడం, అంటే తన సిగ్నల్ ఎంత మిగులుతో అందుతోందని నోడ్ నెట్‌వర్క్‌ను అడగడం. జవాబులో మార్జిన్ డెసిబెళ్లలో వస్తుంది. అది 5 కంటే తగ్గినా, జవాబే రాకపోయినా నోడ్ తనే ఫ్యాక్టర్‌ను ఒక మెట్టు పెంచుకోవాలి. ఆ 5 అనే అంకె మొదటి అంచనా మాత్రమే, మీ పొలానికి ఎంత సరిపోతుందో ప్రయోగమే తేల్చాలి.

రెండు నోడ్‌లు పక్కపక్కనే, యాంటెన్నాలు ఒకే ఎత్తులో పాతండి. ఒకటి డిఫాల్ట్ ఏడీఆర్‌తో 15 నిమిషాలకోసారి, రెండోది మార్పు వస్తేనే, లింక్ చెక్‌తో. విత్తనం నుంచి కోత దాకా ప్రతి ప్యాకెట్‌కూ సమయం, ఫ్రేమ్ కౌంటర్, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, సిగ్నల్ నాణ్యత, సెల్ వోల్టేజీ రాసిపెట్టండి. కౌంటర్‌లో ఖాళీలే పోయిన ప్యాకెట్లు. ఈ సెల్ వోల్టేజీ చాలాకాలం 3.2 దగ్గరే కదలకుండా ఉంటుంది కాబట్టి ఖర్చును వోల్టేజీతో కాక, ప్యాకెట్ల సంఖ్యను గాలిలో ఉన్న సమయంతో గుణించి లెక్కగట్టండి. సీజన్ సగంలో రెండు బోర్డుల చోట్లూ మార్చండి, లేకపోతే ఒక బోర్డులోని లోపం పద్ధతిలోని లోపంగా లెక్కకెక్కుతుంది.