ఐఎఫ్‌పీ ఉన్న తరగతిలో పాఠం ఆగకుండా నడవాలంటే

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చాలా ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు నల్లబల్ల పక్కనే ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, ఉంటోంది. టీచర్ల వాడుకలో అది ఐఎఫ్‌పీ. అది పూర్తిగా చెడిపోయి మూలపడటం తక్కువే, పీరియడ్‌ని మింగేయడమే ఎక్కువ. బెల్లు కొట్టాక తెర వెలగడానికి రెండు నిమిషాలు, హాట్‌స్పాట్ కలవడానికి మూడు, వీడియో వెతకడానికి ఇంకో ఐదారు. 45 నిమిషాల్లో పావు వంతు అక్కడే పోతుంది. ఈలోపు వెనక బెంచీలు వేరే లోకంలో ఉంటాయి. కింద చెప్పేవన్నీ ఆ పావు వంతును దక్కించుకునే పద్ధతులు.

చివరి బెంచీకి కనిపించాలి

65 అంగుళాల ప్యానెల్‌లో తెర ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు, 75 అంగుళాలదైతే 93. తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటాక మామూలు అక్షరాలు చదవడం కష్టం. ఆ లెక్కన మొదటిదానికి 16 అడుగులు, రెండోదానికి 18 అడుగులు హద్దు. 24 అడుగుల గదిలో చివరి రెండు వరుసలు ఆ హద్దు అవతలే కూర్చుంటాయి. బెంచీలు ముందుకు జరిపే చోటు లేకపోతే అక్షరం పెంచడమే దారి. స్లైడ్‌లో 36 పాయింట్లకు తగ్గొద్దు, ఏడు వరుసలు దాటొద్దు.

తెలుగు లిపికి ఇంకో చిక్కుంది. ‘అయస్కాంత క్షేత్రం’, ‘వ్యుత్క్రమం’ లాంటి మాటల్లో ఒత్తులు కింది వరుస గుడులకు తగిలి దూరానికి ముద్దగా కనిపిస్తాయి. అందుకే వరుసల మధ్య ఖాళీ 1.3 లేదా 1.5 పెట్టండి. తెరలో అడుగు భాగం వెనకవాళ్లకు ముందువాళ్ల తలల చాటున పడుతుంది కాబట్టి ముఖ్యమైన సూత్రం ఎప్పుడూ పై సగంలోనే ఉండాలి.

కరెంటు సంగతి

65 అంగుళాల ప్యానెల్ వాడకంలో రమారమి 150 నుంచి 200 వాట్లు తీసుకుంటుంది. 600 వీఏ యూపీఎస్ పెడితే కరెంటు పోయినప్పుడు పని భద్రపరుచుకుని సరిగ్గా ఆపుకునేంత సమయం దొరుకుతుంది, అంతే. దాని మీద పాఠం చెప్పలేం. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్‌కి ప్యానెల్ ఒక్కటే తగిలిస్తే, బ్యాటరీ బాగున్నంత కాలం నాలుగైదు గంటలు లాగుతుంది. అదే లైన్‌లో ఆఫీసు గది ఫ్యాన్లు కూడా కలిపితే ఆ లెక్క చెల్లదు.

ప్యానెల్ చట్రం ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ దగ్గర మీటర్ పెట్టించి చూడండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఇది సరయ్యేదాకా పిల్లల్ని తెర దగ్గరికి పిలవొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు చూసిందే కదా. నీళ్లు చేరే ప్రాంతంలో కింది అంతస్తులో ప్యానెల్ ఉంటే దాని సాకెట్‌ని నడుము ఎత్తుకి మార్పించుకోండి.

సాయంత్రం మెయిన్ స్విచ్ ఠక్కున ఆపేసి తాళం వేయడం చాలా బడుల్లో అలవాటు. లోపల ఆండ్రాయిడ్ నడుస్తుంటుంది, ఫైళ్లు రాస్తూ ఉండగా కరెంటు తీస్తే ఏదో ఒకరోజు లోగో దగ్గరే ఆగిపోతుంది. పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలా మోడళ్లు నిద్రలోకి వెళతాయే కానీ ఆగవు. మెనూలో షట్‌డౌన్ ఎంచుకుని, లైటు ఎర్రగా మారాకే స్విచ్ తీయాలి.

ముందురోజు రాత్రి పని

ఈ పని జరగకపోతే మిగతావేవీ అక్కరకు రావు. తరగతిలో నెట్ ఉంటుందన్న నమ్మకం వదిలేయండి. కేంద్రం 2017లో తెచ్చిన దీక్షా యాప్‌లో పాఠం డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకుండానే ఆడుతుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేయొచ్చు. ప్యానెల్‌కి కెమెరా లేకపోతే ఆ కోడ్ కిందున్న ఆరు అక్షరాలు టైప్ చేసినా అదే పాఠం వస్తుంది.

ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వక తప్పని రోజున ముందుగా ప్యానెల్ వైఫై సెట్టింగ్‌లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’ (డేటాకి హద్దు ఉన్నది) చేయండి. లేదంటే ప్యానెల్ తన అప్‌డేట్లన్నీ మొదలుపెట్టి మీ రోజువారీ 1.5 జీబీని మొదటి పీరియడ్‌లోనే తాగేస్తుంది. ఫోన్ తెరని ప్యానెల్ మీద చూపిస్తున్నప్పుడు డూ నాట్ డిస్టర్బ్ పెట్టడం మరవొద్దు. ఇంట్లోవాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌ని నలభై మంది బిగ్గరగా చదువుతారు.

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ 32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు దానిలోకి ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌కి ఆ హద్దు లేదు కానీ కొన్ని పాత ప్యానెళ్లు దాన్ని గుర్తుపట్టవు. కాబట్టి ఎఫ్ఏటీ 32లోనే ఉంచి, వీడియోల్ని ఎంపీ4, 720పీలో చిన్న ముక్కలుగా పెట్టుకోవడం మేలు.

ఇక అందరూ తడబడేది ఫాంట్ దగ్గర. బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో డీటీపీ సెంటర్‌లో కొట్టించిన ప్రశ్నపత్రం చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఆ వర్డ్ ఫైలుని నేరుగా ప్యానెల్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఫైలు పాడైందని తిరిగి కొట్టించనక్కర్లేదు. డీటీపీ వాళ్లని ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇమ్మని అడగండి చాలు. మీరే టైప్ చేసుకునేటప్పుడు మాత్రం మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయండి. తర్వాత వెతకడానికీ, దిద్దడానికీ, ఫోన్లకి పంపడానికీ అదే పనికొస్తుంది.

పీరియడ్‌లో తెర ఎంతసేపు

పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. మిగతా సమయం నల్లబల్లదీ, నోటుపుస్తకానిదీ. ఇరవై నిమిషాల వీడియో వేసి పక్కన నిలబడితే అది పాఠం కాదు, సినిమా. మూడు నిమిషాల ముక్క వేసి, ఆపి, ప్రశ్న అడిగితేనే ప్యానెల్ పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది.

పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, ఉచితం. ఒక్కొక్కటి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది, నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తుంది. మీ ప్యానెల్‌లో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. వాటిలో డీసీ సర్క్యూట్ కిట్ తెరిచి 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బు ఒకటి కలిపితే అమ్మీటర్ 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. ఇక్కడ ఆగాలి. ‘రెండో బల్బు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది?’ అని అడిగి, జవాబు నోటుపుస్తకంలో రాయించాలి. మొదటి బల్బు కరెంటుని కొంత వాడేసుకుంటుంది కాబట్టి రెండోది మసకగా ఉంటుందని చాలామంది రాస్తారు. రాశాకే స్విచ్ వేయండి. రెండూ ఒకేలా మసకబారతాయి, అమ్మీటర్ ఎక్కడ పెట్టినా 0.45. తర్వాత సమాంతరంగా మార్చితే ఒక్కో బల్బులో మళ్లీ 0.9, బ్యాటరీ దగ్గర 1.8. ముందు ఊహ రాయించకుండా చూపిస్తే పిల్లలు తలూపుతారు, పాత నమ్మకం మాత్రం తలలో అలాగే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆ కిట్‌లో కదిలే చుక్కలు ఎలక్ట్రాన్లు. అవి పుస్తకంలోని కరెంటు దిశకు ఎదురుగా పోతాయి. ‘కన్వెన్షనల్’ ఎంచుకోకుండా వదిలేస్తే తరగతి సగం తికమకపడుతుంది. చివర్లో రెండు టార్చి బల్బులు, రెండు సెల్‌లతో అదే పని చేతులతో చేయించండి. నిజం బల్బులు రెండూ అచ్చం ఒకేలా వెలగకపోవచ్చు. ఎందుకని అడగడానికి అదో మంచి సందు.

టచ్ మొరాయిస్తే

చాలా ప్యానెళ్లలో వేలు గుర్తించేది గాజు కాదు, చట్రం అంచుల్లో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. వాటికి ఏది అడ్డొచ్చినా వేలే అనుకుంటుంది. రాస్తుండగా పైట కొంగో, గాజులో, చొక్కా చేతో తగిలితే పిచ్చిగీతలు పడేది అందుకే. ఎక్కడో ఒకచోట తనంతట తనే నొక్కుకుంటోందంటే కింది అంచులో సుద్దపొడి పేరుకుందేమో చూడండి. ఆపేసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగు అంచులూ తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది. నీళ్లూ, గాజు తుడిచే ద్రావణాలూ నేరుగా చల్లొద్దు, అంచులోకి జారతాయి. మధ్యాహ్నం తర్వాత మాత్రమే ఇబ్బంది వస్తోందంటే పడమటి కిటికీ ఎండ తెర మీద పడుతున్నట్టు. ఒక ముదురు రంగు పరదా చాలు. ప్యానెల్ పక్క నల్లబల్లకి సుద్దపొడి రాలని డస్ట్‌లెస్ చాక్‌పీసులు వాడితే తుడిచే పని సగం తగ్గుతుంది.

ఇంటికి పంపేటప్పుడు

బోర్డు మీద రాసింది పీడీఎఫ్‌గా సేవ్ చేసి తరగతి గ్రూపులో పెట్టొచ్చు. కానీ చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది మిర్చి యార్డుకో ఆటోనగర్‌కో పనికెళ్లిన నాన్న జేబులో ఉంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత, రెండు ఎంబీ లోపు, ఒకే ఫైలుగా పంపండి. ఫోన్ చూస్తే తప్ప చేయలేని హోంవర్కు ఇవ్వొద్దు. ఫైలు వస్తుంది కదా అని పిల్లలు రాసుకోవడం మానేస్తున్నారా, అప్పుడు ఆ రోజు రాని పిల్లలకే పంపడం మొదలుపెట్టండి.

వేసవి సెలవుల ముందు

చాలా ప్యానెళ్లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. ఒంటిపూట బడుల రోజుల్లో వాటి పాఠాలు మొదటి రెండు పీరియడ్లలో పెట్టుకోండి. సెలవులకి ప్లగ్ పీకి, రిమోట్‌లో సెల్‌లు తీసి, పెన్నులు హెచ్‌ఎం బీరువాలో పెట్టి, తెరకు నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి ఉంచుతుంది. జూన్‌లో బడి తెరిచే ముందురోజే ఒకసారి వేసి చూడాలి. నెలన్నర కరెంటు లేకుండా ఉన్నాక కొన్నింటిలో తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు నెట్ కలిసినా బ్రౌజర్, దీక్షా తెరుచుకోవు, భద్రతా హెచ్చరిక చూపిస్తాయి. మెకానిక్‌ని పిలవక్కర్లేదు, సెట్టింగ్స్‌లో తేదీ, సమయం సరిచేస్తే తెరుచుకుంటాయి.