పేరు మారిన టీవీ కార్యక్రమాలపై క్విజ్ ప్రశ్నలు రాయడం ఎలా?

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల కోసం కోనసీమలోనో, భీమవరం, పాలకొల్లు పరిసరాల్లోనో పిల్లల క్విజ్‌కు ప్రశ్నలు రాసే బాధ్యత తీసుకున్నవారికి చరిత్ర, భూగోళం ప్రశ్నలు పుస్తకాల్లోనే దొరుకుతాయి. టీవీ విభాగం అలా కాదు. అందులోనూ పేరు మారిన కార్యక్రమాల గురించి అడిగేటప్పుడు, అజాగ్రత్తగా రాసిన ఒక్క ప్రశ్నకు రెండు సరైన సమాధానాలు ఉండిపోయి, సరిగ్గా చెప్పిన పిల్లకే మార్కు పోయే ప్రమాదం ఉంది. అంత అన్యాయం జరగకుండా చూసుకోవడమే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ప్రశ్న రాయడానికి ముందు, ఏ మార్పును పేరు మార్పుగా లెక్కించాలో తేల్చుకోవాలి. కథ, పాత్రలు, నిర్మాణం తెగకుండా కొనసాగుతూ ఉండగా పేరు మాత్రమే మారితే అది అసలైన పేరు మార్పు. ఇందుకు చక్కని ఉదాహరణ అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ 1986లో మొదలుపెట్టిన ‘వాలరీ’ అనే హాస్య ధారావాహిక. ప్రధాన పాత్రధారిణి వాలరీ హార్పర్ 1987లో ఆ కార్యక్రమం నుంచి వైదొలగడంతో, తల్లి పాత్ర మరణించినట్లు కథ మార్చి, తండ్రినీ ముగ్గురు కొడుకులనూ అలాగే ఉంచి, మేనత్తగా శాండీ డంకన్‌ను తీసుకువచ్చారు. పేరు మొదట ‘వాలరీస్ ఫ్యామిలీ’గానూ, తర్వాత ‘ద హోగన్ ఫ్యామిలీ’గానూ మారింది. 1990లో సీబీఎస్ ఛానెల్‌కు వెళ్లి 1991లో ముగిసేదాకా అదే పేరుతో నడిచింది. ఇలాంటి కార్యక్రమంపై ప్రశ్న నిర్భయంగా వేయవచ్చు. 1994లో ‘దీజ్ ఫ్రెండ్స్ ఆఫ్ మైన్’గా వచ్చి, అదే ఏడాది రెండో సీజన్ నుంచి ‘ఎలెన్’ అయిన కార్యక్రమం కూడా ఈ కోవలోదే.

‘గుడ్ మార్నింగ్, మిస్ బ్లిస్’ దగ్గర మాత్రం కొంత ఆలోచించాలి. డిస్నీ ఛానెల్‌లో 1988లో మొదలై మరుసటి ఏడాది ఆగిపోయిన ఈ కార్యక్రమాన్ని ఎన్‌బీసీ కొన్ని పాత్రలతో ‘సేవ్డ్ బై ద బెల్’గా మలిచింది. పునఃప్రసారాల్లో పాత ఎపిసోడ్లకు సైతం కొత్త పేరే తగిలించారు కాబట్టి, ఒకే ఎపిసోడ్‌కు రెండు పేర్లు ఉన్నాయి. అందువల్ల దీనిపై ప్రశ్న వేసేటప్పుడు ‘మొదటిసారి ప్రసారమైనప్పుడు’ అన్న మాట తప్పనిసరిగా చేర్చాలి.

ఇక మన పిల్లలు ఎక్కువగా పొరబడేది తెలుగు కోటీశ్వరుల కార్యక్రమం దగ్గర. బ్రిటన్‌లో 1998లో ప్రారంభమైన ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?’ నమూనాలో 2014లో మా టీవీలో నాగార్జున నిర్వహణలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ వచ్చింది. 2017లో నాలుగో సీజన్‌ను చిరంజీవి నిర్వహించారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ నిర్వహించినది జెమినీ టీవీలో వచ్చిన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’. నమూనా ఒకటే అయినా ఛానెల్ వేరు, పేరు వేరు. దీన్ని పేరు మార్పు అనాలా, కొత్త కార్యక్రమం అనాలా అన్న తగవు వేదిక మీద తేలేది కాదు. కాబట్టి ‘2021లో జెమినీ టీవీలో ఏ పేరుతో వచ్చింది?’ అని సంవత్సరాన్నీ ఛానెల్‌నూ ప్రశ్నలోనే చెప్పేయాలి. కపిల్ శర్మ కార్యక్రమాల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలి: 2013లో కలర్స్‌లో ‘కామెడీ నైట్స్ విత్ కపిల్’, 2016లో సోనీలో ‘ద కపిల్ శర్మ షో’, 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ద గ్రేట్ ఇండియన్ కపిల్ షో’.

‘ఢీ’ నృత్య పోటీకి సీజన్‌ను బట్టి ‘ఛాంపియన్స్’, ‘కింగ్స్ వర్సెస్ క్వీన్స్’ వంటి తోకలు చేర్చారు. అవి పేరు మార్పులు కావు, వదిలేయండి.

డబ్బింగ్, రీమేక్ సీరియళ్లను కూడా వేరుగా ఉంచాలి. హిందీ ‘బాలికా వధు’ మా టీవీలో ‘చిన్నారి పెళ్ళికూతురు’గా, రాధిక నటించిన తమిళ ‘చిత్తి’ జెమినీలో ‘పిన్ని’గా వచ్చాయి, తమిళ ‘పాండియన్ స్టోర్స్’ను తెలుగులో ‘వదినమ్మ’గా మళ్లీ తీశారు. ఇవి భాష మారినప్పుడు వచ్చిన పేర్లు, పైగా చివరిది కొత్త నటులతో తీసిన సీరియల్. వీటికి విడిగా ఒక రౌండ్ పెడితే పిల్లలూ ఉత్సాహపడతారు, తగవూ ఉండదు.

సమాచారం సరిచూసుకోవడానికి ఇంటినుంచే మొదలుపెట్టవచ్చు. సాయంత్రం సీరియళ్లు విడవకుండా చూసే ఇంటి ఆడవాళ్లకు ఏది ఎప్పుడు వచ్చిందో బాగా జ్ఞాపకం ఉంటుంది. వారి మాటను తేలికగా తీసుకోకూడదు. అయితే వారిలో చాలామంది సీరియల్‌ను పాత్ర పేరుతోనే పిలుస్తారు కాబట్టి, ‘వంటలక్క సీరియల్’ అన్నారంటే ‘కార్తీక దీపం’ అని అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత పాత ఎపిసోడ్ మొదట్లో తెర మీద పడే పేరును చూడాలి. ప్రసారమైన నాటి దినపత్రికలో టీవీ కార్యక్రమాల పట్టిక దొరికితే అంతకంటే గట్టి ఆధారం ఉండదు; పాత పత్రికల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయంలో విచారించడం మంచిది. ఫోన్‌లోని యాప్‌ను మాత్రమే నమ్మవద్దు, ఎందుకంటే అక్కడ పాత భాగాలకు కూడా నేటి పేరే కనిపించవచ్చు. పైగా ఛానెళ్లు, యాప్‌ల పేర్లు కూడా మారుతున్నాయి: మా టీవీ 2017లో స్టార్ మా అయింది, హాట్‌స్టార్ 2020లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌గా, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్‌గా మారింది. అందుచేత ప్రశ్నలో కార్యక్రమం ప్రసారమైననాటి ఛానెల్ పేరే రాయాలి.

చివరగా న్యాయనిర్ణేతకు ఇచ్చే కాగితంలో ప్రతి ప్రశ్న ఎదుట సమాధానంతో పాటు, ఒప్పుకోదగిన ఇతర రూపాలను కూడా రాసి ఇవ్వాలి. ‘హోగన్ ఫ్యామిలీ’ అన్నా ‘ద హోగన్ ఫ్యామిలీ’ అన్నా మార్కు ఇవ్వాలనీ, కోటీశ్వరుల ప్రశ్నలో పాత పేరు చెబితే ఇవ్వకూడదనీ ముందే స్పష్టంగా ఉంటే, వేదిక మీద వాదన వచ్చినప్పుడు ఆ కాగితాన్నే చదివి వినిపించవచ్చు.